ఒక చెప్పు తాకట్టు

టోండోలో, మనీలా రేవు వెనక సందులో
రెండు మేకుల మధ్య ఒక తీగ,
తీగకి బట్టల క్లిప్పులతో వేలాడే కామిక్సులు.
బెంచీ మీద కూర్చుని చదివితే పది సెంటావోలు.
ఇంటికి పట్టుకెళ్తే పదిహేను,
పైగా కాలి చెప్పొకటి తాకట్టు.
"ఇది ఇక్కడ వదిలి పో,
ఎలా ఉందో వచ్చాక చెప్పు"
అనేది ఆలింగ్ పోన్సియానా.

ఏది బాగుందని అడగనివాడు లేడు.
ఆమె గబుక్కున చెప్పేది కాదు.
ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఎండుచేప వాసన.
అన్నం తింటూ కూడా కింద పెట్టలేదెవరో. తీసుకో.

ఈ దెయ్యాల నవల వద్దు.
పదకొండో కాగితం దాకా నలిగింది,
ఆ తర్వాత మడత చెదరలేదు.
దెయ్యం అక్కడే చచ్చిపోయింది.

ఈ ప్రేమకథలో చూడు, ఇక్కడ సిరా అలుక్కుపోయింది.
బట్టలుతికే లిగయా చేతులు ఎప్పుడూ తడే, నిజమే.
మరి ఈ ఒక్క పేజీయే ఎందుకు తడిసినట్టు?"

జీప్నీ నడిపే రుఫీనోకి గుర్రాల కథలు,
అట్టకి గ్రీజు అంటినవి మాత్రమే.
స్కూలెగ్గొట్టిన వాళ్లకి
గ్రహాల మీద యుద్ధాల బొమ్మలు,
బెంచీ కిందికి ఒంగి చదివితే కనబడేట్టు కింది తీగ మీద.

ఒకరోజు డిటెక్టివ్ నవల నా చేతిలో పెట్టింది.
"కరెంటు పోయినా ఆపలేదు జనం,
మైనం చుక్కలు చూడు.
కానీ ఇక్కడెవడో పెన్సిలుతో
ఒక మాట చుట్టూ సున్నా చుట్టాడు.
అప్పట్నుంచీ ఎవరూ ముందుకి పోవడం లేదు.
ఏం మాటరా అది?"

అది హంతకుడి పేరు.
ఆమె చూపు సున్నా చుట్టూ తిరుగుతోంది,
లోపలి అక్షరాల మీద ఆగడం లేదు.
నాకు పదకొండేళ్లు. అర్థమైంది.

"చెబితే కథ చెడిపోతుంది" అన్నాను.
"నాకా?" అని నవ్వింది.
కాసేపు తీగ మీది క్లిప్పులు సర్దింది, సర్దినవే.
"అయితే మొదట్నుంచీ చదువు" అంది.

మూడు వారాలు, కొట్టు కట్టేసే వేళ,
లాంతరు కింద, డబ్బులు లేకుండా.
డాక్టరే చేశాడని ఆమె మొదటిరోజే తేల్చేసింది.
డాక్టరు మంచివాడని తేలిన రాత్రి
నాతో మాట్లాడలేదు.
చివరి పేజీ అయ్యాక
రొట్టెముక్కతో రుద్ది రుద్ది ఆ సున్నా చెరిపింది.

మర్నాడు ఎవరో అడిగితే విన్నాను:
"బాగుంది. డాక్టరే అయ్యుంటే ఇంకా బాగుండేది."

ఆ వానాకాలం సందంతా ఖాళీ చేయించారు.
తీగ ఎటు పోయిందో, ఆమె ఎటు పోయిందో.
దెయ్యాల నవల నా దగ్గర ఉండిపోయింది,
నా ఎడమ చెప్పు ఆమె దగ్గర.

ఇప్పుడు ఒక వారపత్రికకి సమీక్షలు రాస్తాను.
పుస్తకాలు జిగురు వాసనతో వస్తాయి,
ఎవరి వేలూ తగలనివి.
ఐదుకి ఎన్ని నక్షత్రాలో చెప్పమంటారు.
నిన్న ఒక నవల మీద పడి అన్నం చల్లారబెట్టుకున్నాను.
మూడున్నర అని రాశాను.
చల్లారిన అన్నం ఎడిటరుకి పంపలేను కదా.

రాత్రి ఆ దెయ్యాల పుస్తకం తీశాను.
పదకొండో కాగితం దాటి చివరిదాకా చదివాను.
ఆమె చెప్పింది నిజం,
దెయ్యం అక్కడే చచ్చిపోయింది.

కానీ నలభయ్యో పేజీలో ఒక పిల్లి ఉంది.
కథకి దానితో పనేమీ లేదు,
వాన వెలిసేదాకా కిటికీలో కూర్చుని వెళ్లిపోతుంది.
దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

చింతపులుసులో వేలు ముంచి
ఆ పేజీ మూల గట్టిగా అద్దాను.